కబురు చెప్పాల్సినవాడు

యుద్ధం మొదలైన దగ్గర్నుంచి హర్యుల ఊరి పాస్టరు గారు ఎవరింటికీ కాఫీకి వెళ్ళడం మానేశాడు. వెళ్ళాలని లేక కాదు. మంచు మీద ఆయన కాలితో తోసుకెళ్ళే స్లెడ్జి బండి రోడ్డు మీద కనబడితే చాలు, కిటికీల వెనక ఆడవాళ్ళ చేతులు ఆగిపోయేవి. సరిహద్దులో ఎవరైనా పోతే ఆ కబురు సైన్యం ఇంటికి పంపదు, పాస్టరుకి పంపుతుంది. ఆయన వెళ్ళి నోటితో చెప్పాలి. అందుకని బాప్తిస్మాలకి వెళ్ళాల్సి వచ్చినా ఒకరోజు ముందే ఎవరి చేతైనా చెప్పి పంపేవాడు, రేపు వస్తున్నాను, శుభకార్యానికే అని. చెప్పకుండా వచ్చాడంటే ఏ గేటు ముందు ఆగుతాడా అని ఊరంతా ఊపిరి బిగబట్టేది. ఆయన చాలా మంచివాడు. పాపం, ఆ రోజుల్లో ఆయన్ని చూసి సంతోషించినవి కుక్కలే.

నలభైమూడు ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం పదకొండు మంది కుర్రాళ్ళు అడవి నుంచి స్కీల మీద ఊరికి వస్తున్నారు. మగవాళ్ళంతా యుద్ధంలో ఉంటే రైళ్ళకీ పొయ్యిలకీ కట్టెలు కొట్టే పని పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లల మీద పడింది. సోమవారం తెల్లారి అడవికి పోయి, వారమంతా కొయ్యగుడిసెలో ఉండి, శనివారం ఆవిరిస్నానానికి ఇళ్ళు చేరేవాళ్ళు. ఊరు దగ్గర పడేసరికి ఎవరి దారిన వాళ్ళు విడిపోయి, సరస్సు దారిలో ఇద్దరే మిగిలారు. ముందు కౌకో, వెనక ఓయివా.

"నీ కట్టెల పేర్పు చూసి విల్యామి తాత ఏమన్నాడో విన్నావా?" అన్నాడు కౌకో వెనక్కి తిరగకుండానే. "అందులో కుందేలు దూరి, పిల్లల్ని పెట్టి, అందరూ కలిసి బయటికి రావచ్చట."

"నీ పేర్పు మాత్రం? సగం కట్టెలు, సగం గాలి."

"గాలి లేకపోతే పొయ్యి ఎలా మండుతుందిరా? మనం గాలి కూడా కొట్టి ఇస్తున్నాం, ఊరికే."

మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండేలా కట్టెలు పేర్చాలి. వంకర దుంగలు కలిపి పేరిస్తే లోపల ఖాళీలు మిగిలి పేర్పు త్వరగా లేస్తుంది. ఆ మోసం కనిపెట్టడానికి, అడవిలో వాళ్ళ పని చూసే విల్యామి తాత తన టోపీ తీసి సందుల్లోంచి దూర్చేవాడు. టోపీ అవతలికి వస్తే పేర్పు విప్పి మళ్ళీ కట్టాల్సిందే.

మలుపు తిరగగానే కౌకో ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఓయివా స్కీలు వాడి స్కీల మీదికి ఎక్కాయి. తిట్టబోయిన ఓయివా కూడా ముందుకి చూసి నోరు మూసుకున్నాడు. సరస్సు ఒడ్డున పాస్టరు గారి స్లెడ్జి పోతోంది. నల్లకోటు, వంగిన వీపు, ఒక కాలితో నెమ్మదిగా తోసుకుంటూ. ఆ దారిలో ఇక రెండే ఇళ్ళున్నాయి. మొదటిది కౌకోది, రెండోది ఓయివాది. కౌకో నాన్న ఫిరంగి దళంలో ఉన్నాడు. ఓయివా అన్న ఆర్వి తూర్పున కందకాల్లో ఉన్నాడు.

కౌకో వాళ్ళమ్మ గుమ్మం మీద మంచు ఊడుస్తూ ఉంది. ఆమె చీపురు నిలబెట్టి దాని మీద రెండు చేతులూ ఆనించింది. పాస్టరు గారు టోపీ ఎత్తి తల వంచాడు, కానీ స్లెడ్జి ఆపలేదు. ఆమె ఊడ్చిన మెట్టు మీదే కూలబడిపోయింది.

"హమ్మయ్య," అన్నాడు కౌకో. అన్నాక ఆ మాట తనకే వినబడింది. వెంటనే చేతి తొడుగుతో నోరు మూసుకున్నాడు. "ఓయివా, నేను... నేనలా అనలేదురా."

 ఓయివా అప్పటికే పరుగులాంటి వేగంతో స్కీలు తోస్తున్నాడు, పాస్టరు గారి కంటే ముందు ఇల్లు చేరితే ఆ కబురుని ఆపొచ్చన్నట్టు. చేరలేకపోయాడు.

అమ్మ హిల్మా వంటింట్లో రొట్టెకి రై పిండి పిసుకుతోంది. పాస్టరు గారు తలుపు దగ్గరే నిలబడి టోపీ తీశాడు. కూర్చోలేదు. ముందు పూర్తి పేరు చెప్పాడు, ఎలాంటి పొరపాటుకీ తావు లేకుండా.

"ఆర్వి యోహన్నెస్ కూసెల. పోయిన శనివారం పొద్దున. తలకి తగిలిందట. బాధ పడలేదని కెప్టెను రాశాడు."

"పోయిన శనివారమా?" అంది అమ్మ.

"అవునమ్మా."

"అంటే వారం." ఆమె పిండిలోంచి చేతులు తీయలేదు. "ఈ వారమంతా నేను వాడికి మేజోళ్ళు అల్లుతున్నాను."

పాస్టరు గారు కీర్తన ఒకటి చదివాడు. శవం రైల్లో వస్తుందనీ, వచ్చే ఆదివారం యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులుండే వీరుల వరసలో పాతిపెడతారనీ, రేపు ప్రార్థనలో పేరు ప్రకటిస్తాననీ చెప్పాడు. అమ్మ అన్నింటికీ తలూపింది. ఆయన వెళ్ళాక పిండి మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, ఓయివా వైపు తిరిగింది.

"ఆవిరిగది వేడెక్కింది. వారం మురికి ఒంటి మీద పెట్టుకుని కూర్చోకు. ముందు నేను వెళ్ళొస్తా."

ఓయివా పెరట్లో కొయ్యదుంగ మీద కూర్చుని చూశాడు. లోపల వేడిరాళ్ళ మీద నీళ్ళు చల్లిన చప్పుడు. ఆగి, మళ్ళీ చప్పుడు. మళ్ళీ. ఏ మనిషీ తట్టుకోలేనన్ని సార్లు ఆమె నీళ్ళు చల్లింది. వాడికి భయం వేసి తలుపు తడదామని లేచాడు, కానీ తట్టలేదు. అన్న లేడన్న సంగతి వాడికి అప్పుడు తెలిసింది, పాస్టరు చెప్పినప్పుడు కాదు. ఆ దుంగ మీదే మోకాళ్ళలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

ఏడుపు కొంచెం తగ్గేసరికి ఇంకో సంగతి తట్టింది. సైమికి ఎవరు చెబుతారు?

అడవి గుడిసెలో పదకొండు మందికీ వండిపెట్టేది సైమే. సరిహద్దు పల్లెలు ఖాళీ చేయించినప్పుడు ఒక మూటతో, ఒక మేకతో ఈ ఊరొచ్చిన పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. వాళ్ళవాళ్ళు తిరిగి వెళ్ళిపోయినా తను మాత్రం ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో అందరికీ తెలుసు. ఆర్వి ఉత్తరాలు గుడిసెకే వచ్చేవి. అమ్మకీ తెలుసు. తెలిసే ఆ పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. "ఆ చిలక" అనేది. ఆ సరిహద్దు కరేలియా వాళ్ళు వాగుతారనీ, గట్టిగా నవ్వుతారనీ, పిలవకుండా పక్కింటి వంటింట్లోకి వచ్చేస్తారనీ మా వాళ్ళ ఫిర్యాదు. మా వైపు మనుషులకి మాట తులాల్లెక్క. నిశ్చితార్థం కాలేదు, ఉంగరం లేదు. లెక్క ప్రకారం ఆమె ఎవరికీ ఏమీ కాదు. పాస్టరు గారు ఆమె దగ్గరికి వెళ్ళడు. అలాంటి పిల్లలకి కబురు ఎలా తెలుస్తుందో ఓయివాకి తెలుసు. వాళ్ళు రాసిన ఉత్తరమే వాళ్ళకి తిరిగి వస్తుంది.

రాత్రి రొట్టె కోస్తున్నప్పుడు అడిగాడు.

"అమ్మా, సైమికి..."

"ఆమె మనకేమవుతుందని?" అంది అమ్మ, కత్తి ఆపకుండానే.

మర్నాడు ప్రార్థనలో పాస్టరు గారు పేరు చదివినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. అది అయ్యాక ఓయివా అడవి కుర్రాళ్ళలో ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి ఒకే మాట చెప్పాడు, ఆమెకి నేను చెబుతాను, మీరు నోరు విప్పకండి అని. కుండకి మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేమంటారు. ఆ పదిమందీ మాత్రం నోరు మూసుకున్నారు. పిల్లలు కాబట్టి సాధ్యమైంది.

సోమవారం వాడిని అడవికి పంపడానికి అమ్మ సందేహించలేదు. "పెట్టె వచ్చేది శనివారం. అంతదాకా ఇంట్లో కూర్చుని నా ముఖం చూస్తావా? పో. కట్టెలు కొట్టు."

గుడిసె చేరేసరికి ఇంకా చీకటే. పొయ్యి మీద బార్లీ అంబలి ఉడుకుతోంది. సైమి చేతుల్లో కర్రగరిటె, తలకి ఎర్ర గుడ్డ. శని ఆదివారాలు ఆమె ఇక్కడే ఒక్కతే ఉండి వారానికి సరిపడా రొట్టెలు కాల్చి ఉంచుతుంది. మధ్యలో చిల్లున్న ఆ రొట్టెలన్నీ గోడ పక్కన కర్రకి గుచ్చి వేలాడుతున్నాయి.

"మంచు దులుపుకుని రండర్రా! నేల ఇప్పుడే కడిగాను, మీ అమ్మలు వచ్చి తుడవరిక్కడ." అందరి గిన్నెలూ నింపుతూ ఓయివా దగ్గర ఆగింది. "ఏరా తమ్ముడూ. ఇంటి దగ్గర అంతా బాగున్నారా? అమ్మ బాగుందా?"

పది చెంచాలు ఆగిపోయాయి. ఓయివా గిన్నెలోకి చూశాడు. ఇప్పుడే చెప్పేయాలి. ఇంతమందిలోనా? గరిటె ఆమె చేతిలో ఉండగానా?

"బాగుందక్కా," అన్నాడు.

"బాగుందా?" ఆమె వాడి ముఖం చూసింది. "సరే అయితే. తిను." ఇంకో గరిటె వేసింది.

 తనెంత పిరికివాడో వాడికి ఆ అంబలి గిన్నెలో స్పష్టంగా కనబడింది.

ఆ రోజంతా కౌకోతో కలిసి పొడుగు రంపం లాగాడు. చెట్టు బెరడు మీద జిగురు గడ్డకట్టి రంపం పట్టేస్తోంది. ఓయివా బలమంతా పెట్టి నెట్టాడు. రంపం వంగి, కీచుమని ఆగింది.

విల్యామి తాత కుంటుకుంటూ వచ్చాడు. పాత యుద్ధంలో మోకాలు పోగొట్టుకున్నవాడు, డెబ్బై ఏళ్ళు. "నెట్టకురా. రంపాన్ని నెట్టేవాడు లేడు. నీ వంతు నువ్వు లాగు, ఆ పైన వదిలెయ్. అవతలివాడు వాడి వంతు లాగుతాడు." కొంచెం కిరసనాయిలు గుడ్డకి అద్ది పళ్ళ మీద రాశాడు. తర్వాత, రంపం వైపే చూస్తూ అన్నాడు, "చెప్పావా?"

"లేదు తాతా. నువ్వు చెప్పకూడదూ?"

"నేనెవర్ని? ఆ మాట చెప్పడానికి రక్తం ఉండాలి. మీ ఇంట్లో ఇప్పుడు మిగిలిన మగాడివి నువ్వే." తాత గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గురువారం టపా సంచి తెస్తాను. సంచిలో ఏముంటుందో నేను ఆపలేను. అంతే నేను చెప్పగలిగింది."

మంగళవారం కూడా వాడు చెప్పలేదు. పొద్దున ఆమె మంచు కరగబెడుతోంది, వీలు కుదరలేదు. మధ్యాహ్నం కట్టెలు పేర్చేచోటికి ఆమె కాఫీ తెచ్చింది, వేయించిన రై గింజల కాఫీ. అప్పుడు చుట్టూ అందరూ ఉన్నారు. సాయంత్రం ఆమె వాడి చిరిగిన చేతితొడుగు అడిగి తీసుకుని కుట్టిచ్చింది. కుట్టినంతసేపూ ఏమీ మాట్లాడలేదు. చిలక అని పేరు పడిన మనిషి అంత మౌనంగా ఉంటే అనుమానం రావాలి. ఓయివాకి రాలేదు. మింగలేక కక్కలేక తిరుగుతున్నవాడికి ఎదుటివాళ్ళ ముఖాలు కనబడవు.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు కౌకో, పడకల మీద ఎండుగడ్డి సర్దుకుంటూ. "ఆమె నాకు రెండోసారి వడ్డిస్తుంటే నాకు దొంగతనం చేసినట్టుంది."

"రేపు."

"నిన్న కూడా రేపే అన్నావు."

"రేపు అంటే రేపేరా!"

బుధవారం అందరి కంటే గంట ముందే ఓయివా గొడ్డలి దించాడు. మంచుతో ముఖం రుద్దుకున్నాడు. నీళ్ళు లేవు కాబట్టి మంచుతోనే జుట్టు తడిపి వేళ్ళతో దువ్వుకున్నాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. చావు కబురు చెప్పే పద్ధతి వాడు ఒక్కసారే చూశాడు, అది మాత్రం బాగా గుర్తుంది. తలుపు తట్టాలి. టోపీ తీయాలి. కూర్చోకూడదు. పూర్తి పేరు చెప్పాలి.

గుడిసె తలుపు తట్టాడు. ఆ తలుపు అంతవరకూ ఎవరూ తట్టి ఎరగరు.

"ఎవరదీ? తెరిచే ఉందిగా!"

వాడు లోపలికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. సైమి కుండ కలుపుతున్నది ఆగి, తడిసిన వాడి తలా, గొంతు దాకా పెట్టుకున్న గుండీలూ చూసింది.

"సైమి కియురు గారూ," అన్నాడు. గొంతు మధ్యలోనే చీలింది. ఆ ఏడు వాడి గొంతు అలా చీలుతూనే ఉంది. "ఆర్వి యోహన్నెస్ కూసెల..."

ఆమె గరిటె కుండలో వదిలేసి చేతులు పైబట్టకి తుడుచుకుంది.

"పాస్టరు గారు మీ ఇంటికి వచ్చాడా?" అంది.

వాడికి అర్థం కాలేదు. "వచ్చాడు. శనివారం."

"శనివారమా! మరి సోమవారం నేనడిగితే అమ్మ బాగుందన్నావేం?"

"నీకు తెలియదు కదా అని... ఎలా చెప్పాలో తెలీక..."

"ఓరి పిచ్చోడా. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదేరా." నవ్వబోయింది, కానీ నవ్వు రాలేదు. గోడమీది పెట్టెలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఆమె రాసిన ఉత్తరమే, అంటించిన అంచు విప్పకుండా ఉంది. దాని వెనక ఎవరిదో పెన్సిలు రాత. ఆర్వి పక్క పడకవాడిది. *శనివారం పోయాడు. మీ ఉత్తరం ఆదివారం వచ్చింది. మీ చిరునామా వాడి సంచిలో దొరికింది. క్షమించండి.*

"ఇదెప్పుడొచ్చింది?"

"పోయిన గురువారం."

ఓయివా వేళ్ళ మీద లెక్కపెట్టాడు. గురువారం, శుక్రవారం, శనివారం. శుక్రవారం ఆమె వాళ్ళకి ఉప్పుచేప, దుంపలు వండింది. శనివారం పొద్దున వాళ్ళంతా వెళుతుంటే గుమ్మంలో నిలబడి, ఊళ్ళో మీ గోల తగ్గించండర్రా అని కేకేసింది. అప్పటికే ఆమెకి తెలుసు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే ఏం చేసేవాడివి? ఇంటికి పరుగెత్తేవాడివి. నీ ముఖం చూసి మీ అమ్మ కనిపెట్టేసేది." ఆమె బల్ల అంచుని గోటితో గీకుతోంది. "ఆ మాట ఆమెకి పాస్టరు నోటి నుంచి రావాలి. నా దగ్గర్నుంచి వచ్చిందనుకో, ఇంకెప్పుడూ... కన్నది ఆమె. ఆమె ఏడవకముందు నేనేడవడం తప్పనిపించింది. అందుకని ఆగాను. సోమవారం నువ్వు వచ్చి బాగుందంటే, ఇంకా తెలియలేదు కాబోలు అనుకుని మళ్ళీ ఆగాను. ఎన్ని రోజులాగాలో తెలియలేదురా నాకు."

"ఇప్పుడు తెలిసింది కదా అక్కా. అమ్మకి తెలిసింది," అన్నాడు ఓయివా.

"అయితే ఇంకేం," అంది సైమి. బల్ల ముందు కూర్చుంది. తలగుడ్డ లాగి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గట్టిగా, శోకాలు పెట్టి, వాళ్ళ వైపు ఆడవాళ్ళు ఏడ్చే తీరులో, పేరు పెట్టి పిలుస్తూ, ఆర్వి జుట్టునీ చేతుల్నీ తలుచుకుంటూ. మా వైపు అలా ఎవరూ ఏడవరు. ఓయివాకి ఏం చెయ్యాలో తోచక పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత వాడు కూడా కూర్చున్నాడు.

అంబలి అడుగంటింది. కుర్రాళ్ళు వచ్చేసరికి గుడిసె నిండా మాడువాసన. వాళ్ళిద్దరి ముఖాలూ చూసి గిన్నెలు తీసుకున్నారు. మాడిన అంబలి అంతా అడుగు దాకా గీకి తిన్నారు.

"పొగ వేసిన చేప రుచి వచ్చింది," అన్నాడు కౌకో గౌరవంగా, గిన్నె చాస్తూ. "ఇంకొంచెం వేస్తావా అక్కా?"

పడుకోబోయే ముందు ఆమె ఓయివాని ఒకటే అడిగింది. "ఆదివారం సమాధి దగ్గర నేనెక్కడ నిలబడాలి?"

"మాతోనే."

"మీ అమ్మని అడిగి చెప్పు. నీ అంతట నువ్వు చెప్పకు."

శనివారం పెట్టె స్టేషనుకి వచ్చింది. తెరవకూడదన్నారు. అమ్మ తెల్లకొయ్య మూత మీద అరచెయ్యి ఆనించి, పొడవు కొలుస్తున్నట్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద దేవదారు రెమ్మలు పరుచుకుని పుష్పచక్రం అల్లడం మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో పువ్వులెక్కడివి? ఆకే పువ్వు. సన్నతీగతో ఒక్కో రెమ్మా బిగించి కట్టేది. తీగ గుచ్చుకుని వేలి నుంచి రక్తం వస్తే చీకి మళ్ళీ కట్టేది.

గుడ్డ రిబ్బన్లు దొరకడం మానేసి చాలా రోజులైంది. తెల్ల కాగితం రిబ్బను తెచ్చారు. దాని మీద ఎవరు పెడుతున్నారో రాయాలి, సమాధి దగ్గర దాన్ని అందరూ వినేలా చదివి పెట్టాలి. మా ఊళ్ళో ఏ చావుకైనా అంతే. ఎవరి పేరు చదివితే వాళ్ళు పోయినవాడికి సొంతం. పేరు లేనివాళ్ళు ఊరి జనం.

"నీ రాత బాగుంటుంది. రాయి," అంది అమ్మ. "నిద్రపో నాయనా. అమ్మ, ఓయివా."

వాడు రాశాడు. కలం రిబ్బను మీదే ఆపాడు. సిరా చుక్క కింద పడేలా ఉంది.

"అమ్మా, ఇంకో పేరుకి చోటుంది."

"రక్తం కాని వాళ్ళ పేర్లు దాని మీద రాయరు."

"సైమి కియురుకి నీకంటే ముందు తెలుసమ్మా."

తీగ బిగిస్తున్న చెయ్యి ఆగింది. "ఏం తెలుసు?"

"అన్న సంగతి. గురువారం తెలిసింది. ఆమె ఉత్తరం తిరిగొచ్చింది. పాస్టరు గారు మన దగ్గరికి రావడానికి రెండు రోజుల ముందు."

"గురువారమా? మరి ఎవరికీ..."

"ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా. నీకు పాస్టరు గారి నోటి నుంచే తెలియాలని. నువ్వేడవకముందు తను ఏడవకూడదని." ఓయివాకి మళ్ళీ గొంతు చీలింది. "బుధవారం దాకా ఏడవలేదు. నేను అబద్ధం చెప్పాను, అందుకని ఇంకా ఆగింది."

అమ్మ తీగ కొసని రెండుసార్లు మెలితిప్పింది.

"శుక్రవారం వంట చేసిందా?"

"చేసింది."

"అందరికీ?"

"అందరికీ. నాకు ఎక్కువ పెట్టింది."

హిల్మా ఒళ్ళోని రెమ్మలు దులుపుకుని లేచింది. పాలబిందె తీసుకుంది. "సిరా ఆరనీ. మడిచేయకు, పేర్లు అంటుకుంటాయి," అని ఆవు దగ్గరికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక కూడా ఆ మాట ఎత్తలేదు. రిబ్బను మీద రెండు పేర్లే ఉన్నాయి. ఓయివాకి అమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే పడుకున్నాడు.

ఆదివారం గట్టి చలి. చర్చి పక్కన వీరుల వరసలో గడ్డకట్టిన నేలని మూడు రోజులు నిప్పు పెట్టి మెత్తబరిచి తవ్వారు. ఆ వారం రెండు పెట్టెలు. అవతలిది నీమి వాళ్ళ చిన్నబ్బాయిది. సొంతవాళ్ళు గోతుల ముందు, తర్వాత చుట్టాలు, ఆ వెనక ఊరి జనం. అడవి కుర్రాళ్ళందరూ విల్యామి తాతతో కంచె దగ్గర నిలబడ్డారు. వాళ్ళ మధ్య సైమి ఉంది. ఎర్ర గుడ్డ తీసేసి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న నల్లగుడ్డ కట్టుకుంది. ఎక్కడ నిలబడాలో ఓయివా ఆమెకి చెప్పలేకపోయాడు. అడిగితే తల అడ్డంగా ఊపాడు, అంతే. ఆమె సరేనంది.

నీమి వాళ్ళ పుష్పచక్రం పెట్టడం అయింది. పాస్టరు గారు, "ఆర్వి యోహన్నెస్ కూసెల," అన్నాడు.

అమ్మా ఓయివా ముందుకి నడిచారు. అమ్మ చక్రం దించి, రిబ్బను రెండు కొసలూ సరిచేసింది. కాగితం గాలికి తిరగబడకుండా చేతితొడుగు తీసి ఉత్తచేత్తో నొక్కిపట్టింది. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, కానీ ఆ చలిలో కంచె దాకా వినబడింది.

"నిద్రపో నాయనా," అని చదివింది. "అమ్మ. ఓయివా."

చదవాల్సింది అయిపోయింది. ఇక రెండడుగులు వెనక్కి వేసి తల వంచాలి. అమ్మ వేయలేదు. రిబ్బను మీదే చూపు ఉంచి, అక్కడ రాసి ఉన్నదే చదువుతున్నట్టు, అదే గొంతుతో అంది.

"సైమి కియురు."

పాస్టరు గారు పుస్తకంలోంచి తలెత్తాడు. నీమి వాళ్ళు తలలు తిప్పారు. ఆ రిబ్బను రాసింది ఓయివా కాబట్టి, మూడో పేరు అక్కడ లేదని అమ్మ కాక తెలిసింది వాడికొక్కడికే. వాడు రాత్రంతా మోసిన కోపం ఎటు పోయిందో వాడికే తెలియలేదు. పక్కకి ఒక అడుగు జరిగాడు.

కంచె దగ్గర కౌకో సైమి మోచెయ్యి పట్టుకుని ముందుకి తోశాడు. "పో అక్కా, నిన్నే. నిన్నే పిలిచింది."

సైమి మంచులో అంతమందిని దాటుకుని రావడానికి చాలాసేపు పట్టింది. జనం ఒక్కొక్కరే దారి ఇచ్చారు. హిల్మా అంతసేపూ వెనక్కి తిరగలేదు. తనకీ ఓయివాకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, ఉత్తచేత్తో రిబ్బను పట్టుకుని, ఆ పిల్ల వచ్చేదాకా అలాగే వంగి ఉంది.